క్లాస్ గ్రూప్‌లో గొడవ: పాప దగ్గర ఫోన్ లాగేసుకోవాలా, ఇంకేదైనా దారి ఉందా?

సగంనిద్ర:

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా పాపకి 12 ఏళ్లు. ఈ ఏడాదే ఫోన్ ఇచ్చాం, నేను వాడి పక్కన పెట్టేసిన పాతది. హోంవర్క్ అంతా గ్రూప్‌లోనే వస్తోంది, ఫ్రెండ్స్ అందరికీ ఉంది, ఇంక ఆపలేకపోయాం. ఇచ్చేముందు తెలియని నంబర్లు ఎత్తకు, లింకులు నొక్కకు, ఫోటోలు ఎవరికీ పంపకు అని చెప్పాల్సినవన్నీ చెప్పాను, అన్నిటికీ బుద్ధిగా తలూపింది.

మొన్న తెలిసిందేంటంటే, టీచర్లు లేని ఇంకో గ్రూప్ పిల్లలే పెట్టుకున్నారు. అందులో ఒక అమ్మాయి క్లాసులో కునుకు తీస్తుంటే ఎవరో ఫోటో తీసి స్టిక్కర్ చేసేశారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కింద "నెట్‌వర్క్ లేదు" అని రాశారు. ఇంక ఎవరేం అడిగినా జవాబు ఆ స్టిక్కరే. చేసింది మా పాప కాదు, కానీ తనూ వాడింది, పక్క సెక్షన్‌లో ఉన్న ఫ్రెండ్‌కి కూడా పంపింది. ఆ అమ్మాయి బడికి రావడం మానేసిందట, వాళ్లమ్మగారు ఇంకొకరితో చెబితే నా దాకా వచ్చింది.

పాపని అడిగితే "అందరూ పెట్టారమ్మా, జోక్ కదా" అంది. తర్వాత గదిలోకెళ్లి ఏడ్చింది. ఎందుకేడ్చిందో, దొరికిపోయినందుకో నిజంగానే బాధేసో, నాకు తెలియలేదు.

మా ఆయన ఫోన్ తీసి బీరువాలో పడేయమంటున్నారు. తీసేస్తే రేపు దానికే ఏదైనా జరిగినా నాతో చెప్పదేమోనని నా టెన్షన్. ఇంకోటి, ఆన్‌లైన్ జాగ్రత్తలని ఎక్కడ చూసినా బయటివాళ్ల నుంచి మన పిల్లల్ని ఎలా కాపాడుకోవాలన్నదే ఉంటుంది, మన పిల్లే అవతలివాళ్లని ఏడిపిస్తే ఏం చేయాలో ఎక్కడా కనబడదు.

పెద్దవాడికి 14. వాడి లోకం వేరు, ఎప్పుడూ గేమ్సే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ ఉంటాడు, ఎవర్రా అంటే "టీమ్‌మేట్" అంటాడు. ఇద్దరికీ ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కీబోర్డు_మాస్టారు:

బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను కాబట్టి ఇలాంటివి తరచూ నా దగ్గరికే వస్తుంటాయి. ఫోన్ ఉంచాలా తీసేయాలా అన్నది తర్వాత చూద్దురుగాని, ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. ఇలాంటప్పుడు ఇంట్లో మాటలన్నీ మన పిల్లకి ఏం శిక్ష వేయాలన్నదాని చుట్టూనే తిరుగుతాయి, అవతల ఒక పిల్ల బడికి రాలేక ఇంట్లో కూర్చుందన్నది పక్కకి పోతుంది.

ఈ రాత్రే పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గ్రూప్ తెరవండి. డిలీట్ చేసేముందు స్క్రీన్‌షాట్ ఒకటి తీసుకోండి, ఏ రోజు ఏం జరిగిందో కనబడేలా, అది క్లాస్ టీచర్‌కి తప్ప ఇంకెవరికీ వెళ్లకూడదు. ఆ తర్వాత తన ఫోన్‌లోంచి స్టిక్కర్ తీసేయాలి, తను పంపినవన్నీ "అందరికీ డిలీట్" చేయాలి. వాట్సాప్‌లో ఆ అవకాశం పంపిన తర్వాత రెండు రోజుల పైన కొద్దిసేపటి వరకే ఉంటుంది, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకండి. పక్క సెక్షన్ ఫ్రెండ్‌కి తనే ఫోన్ చేసి "నేను పంపింది తీసెయ్, ఇంకెవరికైనా పంపావా?" అని అడగాలి. ఈ ఫోన్ మీరు చేయకండి, తనే చేయాలి. ఒక నొక్కుతో పంపేసిన దాన్ని వెనక్కి తేవడానికి ఎంతమందిని బతిమాలాలో అప్పుడే తెలుస్తుంది.

సారీ చెప్పడం గురించి. గ్రూప్‌లో అందరి ముందూ వద్దు, అక్కడ మళ్లీ ఆ పిల్లే తమాషా అవుతుంది. ముందు మీరు వాళ్లమ్మగారితో మాట్లాడి, ఆ అమ్మాయికి ఇప్పుడు వినాలని ఉందా లేదా కనుక్కోండి. ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు, ఉత్తరం రాసి ఇచ్చినా సరిపోతుంది. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అనే రకం మాట మాత్రం ఒప్పుకోకండి. "నేను నీ ఫోటో వాడాను, ఇంకొకరికి పంపాను, అది తప్పు, తీసేశాను, ఫలానావాళ్లని కూడా తీసేయమన్నాను" అని ఏం చేసిందో చెప్పాలి.

ఇంక "అందరూ పెట్టారమ్మా" అన్నది. పిల్లలు అబద్ధమాడట్లేదండి, వాళ్లకి అక్కడ నిజంగానే అలా అనిపిస్తుంది. ఎదురుగా ఉంటే ఆ పిల్ల మొహం చూసి కనీసం ఒకరిద్దరు ఆగేవారు, స్క్రీన్ మీద మొహం కనబడదు, నవ్వుల ఎమోజీలే కనబడతాయి. క్లాసులో నేనొక పని చేయిస్తాను. ఇలాంటి గ్రూప్ చాట్ ఒకటి నేనే కల్పించి కాగితం మీద రాసి ఇస్తాను, చివర్లో ఖాళీ బాక్స్ ఉంటుంది. "ఇక్కడ నువ్వేం టైప్ చేస్తావు?" అంటాను. ఇది తప్పా ఒప్పా అని అడిగితే టక్కున చెప్పేసే పిల్లలు ఆ బాక్స్ దగ్గర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోతారు. తప్పని తెలుసు, నలుగురిలో ఏమనాలో మాట రాదు. ఆ మాట మనమే అందించాలి. "ఇది ఆపండి, తను చూస్తే ఏడుస్తుంది." అంత ధైర్యం లేని పిల్లకి ఇంకా చిన్నది: గ్రూప్‌లో ఏమీ అనకుండా ఆ అమ్మాయికి విడిగా "నువ్వు బానే ఉన్నావా? నాకిది నచ్చలేదు" అని పంపడం. బిడియస్తులు ఎక్కువమంది ఈ రెండోదే ఎంచుకుంటారు, అదీ చాలా మేలే చేస్తుంది.

ఫోన్ మాటకొస్తే, చేసిన తప్పుకీ శిక్షకీ సంబంధం ఉండాలి. తప్పు ఆ గ్రూప్‌లో జరిగింది, కొన్నాళ్లు ఆ గ్రూప్‌లోంచి బయటికి రావడం సబబు. హోంవర్క్‌తో సహా అన్నీ లాగేస్తే తనకి ఆ అమ్మాయి గుర్తుండదు, అమ్మ అన్యాయం చేసిందన్నదే గుర్తుంటుంది.

గట్టిమాట:

ఇన్ని లెక్చర్లు ఎందుకండీ. 12 ఏళ్ల పిల్లకి ఫోన్ ఇవ్వడమే తప్పు. ఆస్ట్రేలియాలో 16 నిండేదాకా సోషల్ మీడియా వద్దని చట్టమే చేశారు. వాళ్లకి తెలియకనా? బటన్ల ఫోన్ చేతికివ్వండి, కాల్స్ చేసుకుంటుంది, గొడవ వదిలిపోతుంది.

రెండోషిఫ్ట్:

నేను ఒక యాప్‌లో యూజర్ల కంప్లైంట్లు చూసే టీమ్‌లో పనిచేస్తాను, ఏ యాప్ అన్నది వదిలేయండి. అందులో పిల్లల కేసులు కూడా ఉంటాయి.

గట్టిమాట గారూ, బటన్ల ఫోన్ సలహాకి నేను వ్యతిరేకం కాదు, కుదిరితే మంచిదే. కానీ ఆస్ట్రేలియా చట్టం గురించి పూర్తిగా చెప్పాలి కదా. 2024 నవంబర్‌లో చేశారు, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటివాటిలో 16 లోపు పిల్లలకి అకౌంట్ ఉండకుండా చూడాల్సిన బాధ్యత కంపెనీలదే, చూడకపోతే 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా, పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష ఏమీ లేదు. అయితే అమలు మొదలైనప్పుడు ఆ జాబితాలో వాట్సాప్ లేదు, గేమ్స్ లేవు. అంటే ఈ స్టిక్కర్ గొడవ అక్కడా జరిగేదే, ఆ టీమ్‌మేట్ అక్కడా ఉండేవాడే.

సగంనిద్ర గారూ, ముందు మీ ఇంట్లో ఒకటి చూసుకోండి, మీ పిల్లల అకౌంట్లలో పుట్టిన సంవత్సరం ఏముందో. చాలా యాప్‌లు 13 అంటాయి. పిల్లలకి ఆ వయసుకి బుద్ధి వస్తుందని ఎవరో తేల్చి పెట్టిన అంకె కాదది. అమెరికాలో 1998లో ఒక చట్టం వచ్చింది, 13 లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, ఆ తంటా పడలేక కంపెనీలు 13 లోపు వద్దనేశాయి. పిల్లలేమో ఆ బాక్స్‌లో నోటికొచ్చిన సంవత్సరం కొట్టేస్తారు. 9 ఏళ్ల పిల్లవాడు 13 అని పెట్టుకున్నాడనుకోండి, వాడికి నిజంగా 14 వచ్చేసరికి ఆ యాప్ లెక్కలో వాడు 18 ఏళ్ల పెద్దమనిషి. పిల్లల అకౌంట్లకి వాటంతటవే ఉండే రక్షణలు వాడికి ఉండవు. ఉదాహరణకి ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబర్ నుంచి టీన్ అకౌంట్లు పెట్టింది, అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, వాడు ఫాలో అయ్యేవాళ్లు, ముందే పరిచయం ఉన్నవాళ్లు తప్ప వేరేవాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 లోపు పిల్లలు ఆ సెట్టింగులు సడలించుకోవాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. ఇదంతా పుట్టినతేదీ మీదే ఆధారపడి ఉంది. తేదీ తప్పుంటే ఎన్ని సెట్టింగులు ఉన్నా దండగ.

ఇంక టీమ్‌మేట్ సంగతి. ఎక్కువమంది నిజంగానే ఎవరో పిల్లలే అయ్యుంటారు, భయపడిపోయి హెడ్‌ఫోన్స్ లాక్కోకండి. చెడ్డవాడొకడు ఉంటే మాత్రం వాడి నడక దాదాపు ఒకేలా ఉంటుంది. మీవాడికి వరస నేర్పితే చాలు, మనిషి ఎవరైనా పట్టేస్తాడు. మొదట పొగడ్త: "నీలా ఆడేవాడిని చూడలేదు బ్రో." తర్వాత ఊరికే స్కిన్ (గేమ్‌లో మన బొమ్మకి వేసే కొత్త వేషం) కొనిస్తాడు, పాయింట్లు ఇస్తాడు. "నీ వయసెంత? నాకూ అంతే." ఇంట్లో తిట్టారని చెబితే "మీవాళ్లకి నువ్వంటే లెక్కలేదు, నాతో చెప్పుకో" అంటాడు. ఆపై "ఇక్కడ మాట సరిగ్గా వినబడట్లేదు, ఆ యాప్‌లోకి రా." ఇది చాలా ముఖ్యం. గేమ్‌లో ఉన్న ఫిల్టర్లూ రిపోర్ట్ బటన్లూ దాటి బయటికి తీసుకెళ్లడానికే ఆ పిలుపు. చివరికి "మీ అమ్మకి చెప్పకు, చెబితే గేమ్ మాన్పించేస్తుంది."

చూశారా, వాడు వాడుకునేది మీరు ఫోన్ లాగేస్తారన్న భయాన్నే. అందుకే మీ మొదటి ప్రశ్నకి నా జవాబు, చెప్పినందుకు ఫోన్ పోదు అన్న మాట పిల్లలకి ముందే ఇవ్వండి. చెప్పకుండా దాచినందుకు ఏదో ఒకటి ఉండొచ్చు, తనంతట తను వచ్చి చెప్పినదానికి మాత్రం ఉండకూడదు. ఆ మాట ఇచ్చాక నిజంగా చెప్పిన రోజు మీ మొహం ఎలా పెడతారన్నది కూడా ముందే అద్దంలో ప్రాక్టీస్ చేయండి, తమాషాకి అనట్లేదు.

14 ఏళ్ల మగపిల్లవాడు ఉన్న ఇంట్లో ఇంకోటి తప్పకుండా మాట్లాడాలి, ఇబ్బందిగానే ఉంటుంది. అమ్మాయి ఫోటో పెట్టుకుని ఎవరో పరిచయం అవుతారు, చాలా త్వరగా చనువు పెంచుకుంటారు, ఒక ఫోటో పంపి వీడినీ పంపమంటారు. పంపిన మరుక్షణం గొంతు మారిపోతుంది: డబ్బు పంపు, లేకపోతే నీ ఫ్రెండ్స్ లిస్ట్ మొత్తానికీ పంపేస్తాను. ఈ రకం బ్లాక్‌మెయిల్‌లో మగపిల్లలు చాలా ఎక్కువగా చిక్కుకుంటున్నారు. మన ఇళ్లల్లో జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే చెబుతాం కాబట్టి వీళ్లకి అసలు ఊహే ఉండదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేక ప్రాణం తీసుకున్న పిల్లలు కూడా ఉన్నారు, కాబట్టి ఈ మాట సుతారంగా చెప్పాలి గానీ చెప్పకుండా వదలకూడదు.

అలా జరిగితే ఏం చేయాలన్నది కూడా ముందే తెలియాలి. డబ్బు పంపకూడదు, పంపితే వాడు ఆగడు, ఇంకా అడుగుతాడు. చాట్ డిలీట్ చేయకూడదు, స్క్రీన్‌షాట్లు, వాడి యూజర్‌నేమ్, డబ్బు పంపమన్న వివరాలు అన్నీ దాచాలి. తర్వాత యాప్‌లో రిపోర్ట్ కొట్టి, బ్లాక్ చేసి, పోలీసులకి చెప్పాలి. 18 లోపు తీసిన ఫోటోలకి "టేక్ ఇట్ డౌన్" అని ఒక ఉచిత సేవ ఉంది, అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడుపుతుంది, ఏ దేశం వాళ్లైనా వాడుకోవచ్చు. ఇందులో ఫోటోని ఎవరికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళుతుంది, ఇందులో చేరిన యాప్‌లు తమ దగ్గర అదే కోడ్‌కి సరిపోయే ఫోటో కనబడితే తీసేస్తాయి. పేరు కూడా చెప్పక్కర్లేదు. అన్ని యాప్‌లూ చేరలేదు, ఎన్‌క్రిప్ట్ అయి, అంటే పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప ఎవరికీ కనబడకుండా వెళ్లే ప్రైవేట్ చాట్లలో ఇది పనిచేయదు, అయినా "ఇంక అంతా అయిపోయింది" అనుకునే పిల్లవాడికి ఇలాంటిదొకటి ఉందని తెలియడమే పెద్ద ఊరట.

పంతొమ్మిది_ప్లస్:

నాకు 19. పెద్దవాళ్ల చర్చలో దూరుతున్నా, ఏమనుకోకండి.

పిల్లల వైపు నుంచి ఒక్కటే చెబుతా. "ఈరోజు ఆన్‌లైన్‌లో ఏం చేశావ్?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు, అది పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. మా అన్నయ్య నాతో గేమ్ ఆడేవాడు, ఆడుతూ ఆడుతూనే "వీడెవడ్రా, నీకు తెలుసా, వీడి వాయిస్ చూస్తే స్కూల్ పిల్లాడిలా లేదే" అనేవాడు. అంతే, నాకు లెక్చర్ ఇచ్చినట్టు ఉండేది కాదు, నేను కూడా మనుషుల్ని అలా చూడ్డం మొదలుపెట్టా. మీ అబ్బాయిని ఆ గేమ్ మీకు నేర్పమనండి ఆంటీ. మీరు ఘోరంగా ఆడతారు, వాడు పడీ పడీ నవ్వుతాడు, పర్లేదు. ఆ పక్కన కూర్చున్న అరగంటలో చాట్ అంతా మీకే కనబడుతుంది.

ఇంకోటి, పాస్‌వర్డ్. మా క్లాసులో బెస్ట్ ఫ్రెండ్స్ అంటే పాస్‌వర్డ్ ఇచ్చుకోవడమే. ఇవ్వనంటే "నా మీద నమ్మకం లేదా" అంటారు. గొడవైన రోజు ఆ అకౌంట్‌లోంచి అందరికీ ఏవేవో మెసేజ్‌లు పోతాయి. మీ పాపకి ఒక సాకు ఇచ్చేయండి, "మా అమ్మ నెలనెలా మార్చేస్తుంది, నాకే గుర్తుండదు" అని. సాకులు చాలా పనికొస్తాయి నిజంగా.

గట్టిమాట:

ఆ వరస చదివాక మావాడి గేమ్‌లో చాట్ ఎలా ఉందో చూడాలనిపించింది. బటన్ల ఫోన్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

సగంనిద్ర:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే కూర్చున్నాం. ఫ్రెండ్‌కి ఫోన్ చేయడానికి పాప చాలాసేపు తంటాలు పడింది, డయల్ చేసి కట్ చేసేది. చివరికి చేసింది. ఆ ఫ్రెండ్ ఇంకో ఇద్దరికి పంపిందట, వాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని వాళ్లకీ తనే ఫోన్ చేసింది. ఆ అమ్మాయి వాళ్లమ్మగారు మొదట ముభావంగానే మాట్లాడారు, ఉత్తరం ఇస్తే తీసుకుంటామన్నారు.

పెద్దవాడి పుట్టిన సంవత్సరం చూస్తే, మా అబ్బాయికి 22 ఏళ్లట! మార్పించాం.

ఇప్పుడు నాకొక సందేహం. పిల్లల మెసేజ్‌లు చదవొచ్చా? ఫోన్‌లో కనబడకుండా ఉండే యాప్ వేసుకుంటే అన్నీ మన ఫోన్‌కి వచ్చేస్తాయని మా బంధువొకాయన చెప్పారు. మా ఆయన సరే అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, అలాగని పూర్తిగా వదిలేయడానికీ ధైర్యం చాలట్లేదు.

ఇద్దరబ్బాయిలు:

దొంగచాటు యాప్ వద్దండి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒకటి, అలాంటి యాప్‌లు మీ పిల్లల మెసేజ్‌లూ ఫోటోలూ తీసుకెళ్లి ఎవరిదో సర్వర్‌లో పెడతాయి, అక్కడ ఎవరు చూస్తారో మనకి తెలియదు, అలాంటి కంపెనీల డేటా లీకైన సందర్భాలు చాలానే ఉన్నాయి. రెండు, ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు కనిపెట్టేస్తారు. కనిపెట్టాక ఫ్రెండ్ ఫోన్‌లో అకౌంట్ తెరుచుకుంటారు, అప్పుడు మీకు కనబడేది ఖాళీ ఫోనే. మూడోది నాకు అన్నిటికంటే పెద్దది. నీకు తెలియకుండా నీ లొకేషన్, నీ మెసేజ్‌లు చూడడం ప్రేమ అని వాళ్లకి మనమే నేర్పినట్టవుతుంది. రేపు ఆ పిల్లకి పరిచయమైన అబ్బాయి అదే పని చేస్తే అది తప్పని ఎలా అనిపిస్తుంది?

చూడడమే తప్పనట్లేదు. చెప్పి చూడండి. గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఇవి పిల్లలకి తెలిసే నడుస్తాయి. ఏ యాప్ వేసుకోవాలన్నా మీ ఫోన్‌కి అనుమతి అడుగుతుంది, రాత్రి ఫలానా టైమ్ తర్వాత లాక్ అవుతుంది, కానీ చాట్లు చదివి వినిపించవు. ఐఫోన్ పిల్లల అకౌంట్లలో ఇంకో సదుపాయం ఉంది, బట్టల్లేని ఫోటో వచ్చినా, పంపబోయినా దాన్ని మసకచేసి హెచ్చరిస్తుంది, ఆ పరిశీలన ఫోన్‌లోనే జరుగుతుంది, ఫోటో ఆపిల్‌కి వెళ్లదు.

మా ఇంట్లో వయసుని బట్టి మార్చుకుంటూ వచ్చాం. చిన్నవాడికి కొత్త కాంటాక్ట్ ఎవరొచ్చినా మాకు చెప్పాలి, వారానికోసారి ఇద్దరం కలిసి ఫోన్ తిరగేస్తాం, వాడి పక్కన కూర్చునే. పెద్దవాడి చాట్లు చూడం, కానీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే చూస్తామని ముందే చెప్పాం, దానికి వాడూ ఒప్పుకున్నాడు. రాత్రి అందరి ఫోన్లూ హాల్లోనే ఛార్జింగ్. అందరివీ అంటే మావి కూడా. ఈ రూల్ మీద గోల చేసింది పిల్లలు కాదు, మా ఆయన.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి, పిల్లల ఫోటోలు మనం పెట్టడం కూడా ఆలోచించండి. మీ పాప నిద్రపోతున్న ఫోటో, ఏడుస్తున్న వీడియో స్టేటస్‌లో పెట్టి "క్యూట్" అని రాస్తూ ఉంటే, ఆ స్టిక్కర్ ఎందుకు తప్పో తనకి ఎలా తెలుస్తుంది? అడిగి పెట్టండి, వద్దంటే మానేయండి. ముందు రోజుల్లో పెట్టినవి కూడా చూపించి నచ్చనివి తీసేయించుకోమనండి. మావాడు ఒక సాయంత్రమంతా కూర్చుని నా ఆల్బమ్‌లో సగం ఊడ్చేశాడు!

ఫార్వర్డ్‌ల విషయంలోనూ అంతే. 2019లో మోమో ఛాలెంజ్ అని ఒకటి ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా, భయంకరమైన బొమ్మ మొహం పిల్లలకి మెసేజ్‌లు పెట్టి ప్రాణం తీసుకునేలా చేస్తోందని. అలా నిజంగా జరిగినట్టు ఆధారాలే దొరకలేదు. దాన్ని పిల్లల దాకా చేర్చింది కంగారుపడి ఫార్వర్డ్ చేసిన పెద్దవాళ్లే, ఆ బొమ్మ చూసి నిద్రపోలేని పిల్లలు మాత్రం నిజంగా ఉన్నారు.

రెండోషిఫ్ట్:

పై మాటలన్నిటికీ నాదీ ఓటు. సెట్టింగులు కొన్ని చెప్పేస్తాను, ఒక్క పూట పని.

వాట్సాప్ ప్రైవసీలో "గ్రూప్స్" దగ్గర "మై కాంటాక్ట్స్" పెట్టండి, లేకపోతే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా పాపని గ్రూపుల్లో చేర్చేయగలరు. అక్కడే తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసేది ఉంటుంది. రెండంచెల వెరిఫికేషన్ పిన్ పెట్టండి, దానికి రికవరీ ఈమెయిల్‌గా మీది ఇవ్వండి. స్నాప్‌చాట్ వాడితే మ్యాప్‌లో గోస్ట్ మోడ్ పెట్టండి, పిల్లలు ఎక్కడున్నారో ఫ్రెండ్స్‌కి కనబడదు. కెమెరా యాప్‌కి లొకేషన్ అనుమతి తీసేయండి, అది ఆన్‌లో ఉంటే ఫోటో ఫైల్‌లోనే ఎక్కడ తీశారో రాసి ఉంటుంది. మామూలుగా పంపితే చాలా యాప్‌లు ఆ వివరాలు తీసేస్తాయి గానీ డాక్యుమెంట్‌గా పంపినప్పుడు ఉండిపోవచ్చు. ఒకసారి చూడగానే మాయమయ్యే ఫోటోల మీద నమ్మకం పెట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పండి, స్క్రీన్‌షాట్ ఆపినా పక్కన ఇంకో ఫోన్‌తో తీయకుండా ఎవరూ ఆపలేరు. ఇది చెప్పడం కంటే మీ రెండు ఫోన్లతో చేసి చూపించండి.

ఫోటోకి బట్టలు తీసేసినట్టు చేసే ఏఐ యాప్‌లు కూడా పిల్లల దాకా వచ్చేశాయి. "నిజం ఫోటో కాదు కదా" అనుకుంటారు. మైనర్ బొమ్మతో అలా చేయడం, దాచుకోవడం, పంపడం చాలా దేశాల్లో నేరం, చేసినవాడు మైనర్ అయినా కేసు అయ్యే అవకాశం ఉంది. ఈ మాట అబ్బాయికి సూటిగా చెప్పండి.

సగంనిద్ర:

సెట్టింగులన్నీ చేసేశాం, దొంగ యాప్ ఆలోచన మానేశాం. మా ఆయన ఫోన్ కూడా హాల్లోకి వచ్చింది, గొణుక్కుంటూనే.

ఆఖరి ప్రశ్న, మాస్టారు గారికి. ఆ అమ్మాయి మళ్లీ బడికి వస్తోంది. క్లాస్ టీచర్ పిల్లలతో మాట్లాడాక పాత గ్రూప్ తీసేశారు, కొత్తది పెట్టుకుంటున్నారు. అడ్మిన్‌గా మా పాపని ఉండమంటున్నారట. తను ఉంటానంటోంది. ఒప్పుకోవాలా? మళ్లీ ఏదైనా అయితే అందరూ తననే అంటారేమో.

కీబోర్డు_మాస్టారు:

ఒప్పుకోండి, కానీ ఒక్కర్తే వద్దు. ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు ఉండాలి, అందరూ ఒకే జట్టు పిల్లలు కాకూడదు. వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేయొచ్చు, కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ అనుమతి కావాలని పెట్టొచ్చు, ఈ రెండూ తనకి చూపించండి. రూల్స్ మీరు రాసివ్వకండి, వాళ్లనే రాసుకోమనండి. పిల్లలు రాసుకునేవి మనకంటే కఠినంగా ఉంటాయి, మా బడిలో ఒక గ్రూప్‌లో రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్ పెడితే మర్నాడు బోర్డు తుడవాలి. "అడగకుండా ఎవరి ఫోటో పెట్టకూడదు" అన్నది వాళ్లంతట వాళ్లు రాస్తారో లేదో చూడండి, రాయకపోతే పాపనే ఆ మాట తెమ్మనండి. ఎవరైనా ఏదైనా పెడితే గ్రూప్‌లో వాదించకుండా తీసేసి, పెట్టినవాళ్లకి విడిగా ఎందుకు తీశానో చెప్పాలి. తన వల్ల కాని పెద్ద గొడవైతే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ టీచర్ పేరు ముందే అనుకోండి. ఇంక తనకి విసుగొస్తే ఎప్పుడైనా అడ్మిన్‌గా తప్పుకోవచ్చని కూడా చెప్పండి, పిల్లలకి ఆ సంగతి తట్టదు.